లైన్‌మన్ పని ఎక్కడికి పోయింది?

టెలిఫోన్ రంగం ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాక ఎన్ని ఉద్యోగాలు పోయాయని అడిగితే జవాబు చెప్పేవాళ్లు వెంటనే రెండు జట్లవుతారు. ఒక జట్టు స్వచ్ఛంద పదవీ విరమణ (వి.ఆర్.ఎస్.) తీసుకున్నవాళ్ల లెక్క చూపిస్తుంది. రెండో జట్టు టవర్లు, సిమ్ కార్డు దుకాణాలు, కాల్ సెంటర్లు చూపించి, పోయినవాటికంటే వచ్చినవే ఎక్కువంటుంది. పాతికేళ్లుగా వాదన అక్కడే తిరుగుతోంది. నా మటుకు నాకు ఈ రెండు లెక్కలూ అసలు విషయం జోలికి పోనట్టే అనిపిస్తుంది. లైన్‌మన్ పోయాడు గాని లైను ఉంది. తీగ తెగితే అతికే మనిషి నిన్నా కావలసి వచ్చాడు, ఇవాళా కావాలి. ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు, ఎంతకు చేస్తున్నారు, వాళ్ల పేరు ఎవరి జీతాల పుస్తకంలో ఉంది? మనం అడగవలసింది ఇది.

సూరత్ నుంచి హజీరా వెళ్లే రోడ్డు మీద ఇచ్ఛాపూర్ దాటేటప్పుడు ఈ ప్రశ్న కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఇచ్ఛాపూర్‌లో జి.ఐ.డి.సి. వారి వజ్రాల, నగల పార్కు ఉంది. ముందుకు పోతే కవాస్‌లో ఎన్.టి.పి.సి., ఆ పైన క్రిభ్‌కో ఎరువుల కర్మాగారం, ఓ.ఎన్.జి.సి., రిలయన్స్, ఎల్ అండ్ టి, 2019 దాకా ఎస్సార్ పేరుతో నడిచిన ఉక్కు కర్మాగారం. ఇలాంటి పారిశ్రామిక దారిలో ఫైబర్ కేబుళ్లు రోడ్డు అంచున మట్టిలోనే పోతాయి. నీళ్ల పైపు కోసమో గ్యాస్ లైను కోసమో జె.సి.బి. పళ్లు దించితే ఎవరిదో ఒకరి కేబుల్ తెగుతుంది. కాసేపటికి మోటారు సైకిల్ మీద ఇద్దరు కుర్రాళ్లు వస్తారు. ఒకడి వీపున సంచీలో స్ప్లైసింగ్ మెషీన్ ఉంటుంది.

ఆ పనిని దగ్గర నుంచి చూడాలి. నల్లటి తొడుగు ఒలిచి, లోపలి గొట్టాలు విడదీసి, వాటిలోని జెల్లీ తుడుస్తారు. పోగుల్ని రంగుల వరసలో వేరు చేస్తారు: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, అలా. వెంట్రుకంత పోగు మీది పూతను స్ట్రిప్పర్‌తో లాగి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, క్లీవర్ మీద కొనను తిన్నగా కోస్తారు. రెండు కొనల్నీ మెషీన్లో ఎదురెదురుగా పెడితే చిన్న మెరుపు మెరిసి గాజు కరిగి అతుక్కుంటుంది. తెర మీద అతుకు వల్ల ఎంత వెలుగు పోతుందో డెసిబెల్ లెక్కలో పడుతుంది. అంకె ఎక్కువొస్తే మళ్లీ కోసి మళ్లీ అతకాలి. దుమ్ము పడకూడదు, చెయ్యి వణకకూడదు. తెగినచోట లాగడానికి మిగులు కేబుల్ లేకపోతే మధ్యలో కొత్త ముక్క వెయ్యాలి. అప్పుడు జాయింట్లు రెండవుతాయి. 24 పోగుల కేబుల్‌కు 48 అతుకులు. వానాకాలం రాత్రిళ్లు, గోతిలో బురద, నెత్తిన ప్లాస్టిక్ పట్టా, నోట్లో టార్చి. ఇది నైపుణ్యం లేని కూలిపని అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఈ కుర్రాళ్లు ఏ కంపెనీ కేబుల్ అతుకుతున్నారో ఆ కంపెనీ మనుషులు కారు. టెలికాం కంపెనీ నిర్వహణ పనిని ఓ పెద్ద సంస్థకిస్తుంది. అది ప్రాంతాల వారీగా చిన్న కాంట్రాక్టర్లకు పంచుతుంది. చిన్న కాంట్రాక్టరు జట్టు కట్టుకుంటాడు. డబ్బు కొన్నిచోట్ల నెలకు, కొన్నిచోట్ల జాయింటుకు, ఇళ్లకు కనెక్షన్లిచ్చే పనయితే కనెక్షనుకు.

సూరత్‌కు ఈ లెక్క కొత్త కాదు. మగ్గం మీద మీటరుకింత, వజ్రాల కార్ఖానాలో రాయికింత. లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడిన మన పద్మశాలి కుటుంబాల బతుకు తరాలుగా మీటర్లలోనే నడిచింది. తెలుగు మాధ్యమం బడులు మున్సిపల్ స్కూలు బోర్డే నడిపేటంత మంది తెలుగువాళ్లున్న ఊరు ఇది. ఇలాంటి ఊళ్లో టెలిఫోన్ డిపార్టుమెంటు కొలువంటే నెల జీతం, ఇంక్రిమెంటు, మెడికల్, పెన్షన్ ఉన్న కొద్దిపాటి దారుల్లో ఒకటి. పెద్ద చదువు లేనివాడికి కూడా ఆ దారి తెరిచి ఉండేది. ఎలా తెరుచుకుందో చెబితే గాని ఎలా మూసుకుపోయిందో అర్థం కాదు.

తంతి తపాలా శాఖలో గోతులు తవ్వడానికి, స్తంభాలు పాతడానికి, డ్రమ్ములు దొర్లించడానికి క్యాజువల్ మజ్దూర్లుండేవాళ్లు. రోజుకూలి, సెలవు లేదు, పదేళ్లు చేసినా అదే కూలి. వాళ్ల కేసులో 1987 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేస్తున్నవాడికి ఆ స్కేలు కనీస జీతమైనా ఇవ్వాలనీ, ఏడాదికి పైగా వరసగా పనిచేస్తున్నవాళ్లను శాఖలోకి తీసుకోవడానికి పథకం తయారు చెయ్యాలనీ చెప్పింది. దాని ఫలితమే 1989 నాటి తాత్కాలిక హోదా, క్రమబద్ధీకరణ పథకం. అందులో 240 రోజుల పని పూర్తయినవాడికి టెంపరరీ స్టేటస్ వచ్చేది. తర్వాత రెగ్యులర్ మజ్దూర్, ఆపైన పరీక్ష రాసి లైన్‌మన్, ఫోన్ మెకానిక్. గోతిలో మొదలైన మనిషి పెన్షన్‌తో ఇంటికి పోయే నిచ్చెన అది. సాక్షాత్తు ప్రభుత్వమే యజమానిగా ఉండి కూడా కోర్టుకు ఈడిస్తే గాని దాన్ని వెయ్యలేదన్నది మర్చిపోకూడదు. పాత డిపార్టుమెంటు స్వర్గమని నేను చెప్పబోవడం లేదు. ఫోన్ కోసం ఏళ్ల తరబడి వరసలో నిలబడ్డ జనం ఆ స్వర్గాన్ని బాగా ఎరుగుదురు.

2000 అక్టోబరు 1న టెలికాం శాఖ సేవల విభాగం భారత్ సంచార్ నిగమ్ (బి.ఎస్.ఎన్.ఎల్.) అయింది. దానికి ముందు సెప్టెంబరు 6 నుంచి దేశమంతటా ఉద్యోగులు సమ్మె చేశారు. కంపెనీ అయ్యాక పెన్షన్ ఎవరిస్తారన్నదే వాళ్ల భయం. అప్పటి మంత్రి రామ్ విలాస్ పాశ్వాన్ హయాంలో హామీ వచ్చింది. పెన్షన్ నియమాల్లో 37ఎ చేరింది. కంపెనీలోకి మారినవాళ్లకు పెన్షన్ బాధ్యత ప్రభుత్వానిదే అయింది. ఆ మూడు రోజుల సమ్మె ఎంత విలువైనదో ఇరవై ఏళ్ల తర్వాత అందరికీ తెలిసొచ్చింది. 2020లో బయటికి వచ్చినవాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగిందంటే ఆ నియమం చలవే. కంపెనీ పుట్టాక నేరుగా చేరినవాళ్లకు మాత్రం అది లేదు, పి.ఎఫ్. ఒక్కటే. ఒకే గదిలో ఒకే పనిచేసే ఇద్దరి ముసలితనాలు అప్పుడే వేరైపోయాయి.

బి.ఎస్.ఎన్.ఎల్.ను ఎవరూ కొనలేదు, ఇవాళ్టికీ నూటికి నూరుపాళ్లు ప్రభుత్వానిదే. మరి దాన్ని ప్రైవేటీకరణ చర్చలోకి ఎందుకు లాగుతున్నానంటే, అమ్మకం రెండు రకాలుగా జరుగుతుంది. కంపెనీని అమ్మడం ఒకటి, కంపెనీ చేసే పనిని ముక్కలు ముక్కలుగా బయటికి ఇచ్చేయడం ఒకటి. మొదటిది పత్రికల్లో పతాక శీర్షిక అవుతుంది, పార్లమెంటులో గొడవవుతుంది. రెండోది టెండరు నోటీసులో జరిగిపోతుంది. మనదేశంలో టెలిఫోన్ ఉద్యోగిని ఎక్కువగా దెబ్బ కొట్టింది రెండోదే.

కంపెనీని నిజంగానే అమ్మిన సందర్భాలూ ఉన్నాయి. 1986లో పుట్టిన విదేశ్ సంచార్ నిగమ్‌లో 25 శాతం వాటా 2002 ఫిబ్రవరిలో టాటాల చేతికి వెళ్లింది. ధర 1,439 కోట్లు, యాజమాన్యం పగ్గాలు కూడా దాంతోపాటే. రెండు నెలలైనా గడవక ముందే, ఆ ఏప్రిల్ 1న అంతర్జాతీయ కాల్స్ మీద దానికున్న గుత్తాధిపత్యాన్ని ప్రభుత్వం ఎత్తేసింది. మేలో కొత్త యాజమాన్యం 1,200 కోట్లను తమ గ్రూపులోని టాటా టెలీసర్వీసెస్‌లో పెట్టాలని నిర్ణయిస్తే దుమారం రేగింది. కంపెనీ కింద ఉన్న 773 ఎకరాల మిగులు భూమిని ఒప్పందంలోనే అమ్మకం నుంచి విడదీశారు. దాని కోసం చివరికి హెమిస్ఫియర్ ప్రాపర్టీస్ అనే ప్రత్యేక కంపెనీ నిలబెట్టారు. ఆ భూమి చేజారకుండా ఇరవై ఏళ్లు పట్టుబట్టిన ప్రభుత్వం ఉద్యోగుల విషయంలో అంత పట్టుదల చూపలేదు. చెన్నై గిండీలోని హిందుస్థాన్ టెలీప్రింటర్స్‌లో 74 శాతం 2001లో 55 కోట్లకు హిమాచల్ ఫ్యూచరిస్టిక్ కంపెనీకి పోయింది. ఆ సంగతి ఇవాళ గుర్తున్నవాళ్లే తక్కువ.

అదే ఏడాది డిసెంబరులో, ప్రభుత్వ అల్యూమినియం సంస్థ బాల్కో అమ్మకం కేసులో సుప్రీంకోర్టు, పెట్టుబడుల ఉపసంహరణ ప్రభుత్వ ఆర్థిక విధానమనీ, అమ్మకానికి ముందు ఉద్యోగుల వాదన వినాలనే హక్కేమీ వాళ్లకు లేదనీ తేల్చింది. అంతకు మూడు నెలల పైచిలుకు ముందు, ఆగస్టు 30న ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ కేసులో, కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంత మాత్రాన ఆ కార్మికులు అసలు యజమాని ఉద్యోగులైపోరని చెప్పింది. 1987 తీర్పు వేసిన నిచ్చెన 2001లో ఈ రెండు తీర్పులతో పక్కకు జరిగిపోయిందని నా అభిప్రాయం. ప్రైవేటీకరణ గురించి రాసేవాళ్లు మంత్రివర్గ నిర్ణయాలే చూస్తారు. కార్మికుడి బతుకు మీద ఎక్కువ బరువు పడింది ఈ కోర్టు కాగితాల వల్ల.

మళ్లీ బి.ఎస్.ఎన్.ఎల్. దగ్గరికి వద్దాం. 2004-05లో దాని లాభం 10 వేల కోట్లకు పైగా. ప్రైవేటు కంపెనీలు 1995లోనే మొబైల్ మొదలుపెడితే, దానికి ఆ అవకాశం 2002 అక్టోబరులో గాని రాలేదు. అయినా ఊరూరా నెగ్గుకొచ్చింది. ఆ తర్వాత పరికరాల టెండర్లు రద్దవుతూ వచ్చాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి ధరలు నేలకు దించినప్పుడు దీని దగ్గర 4జి స్పెక్ట్రమే లేదు. సొంత 4జి దేశవ్యాప్తంగా ప్రారంభం కావడానికి 2025 సెప్టెంబరు దాకా పట్టింది. 2018-19 నాటికి ఆదాయం 19 వేల కోట్ల చిల్లరకు పడిపోయింది. అప్పుడు బయటికి వచ్చింది ఆ ప్రసిద్ధమైన అంకె: ఆదాయంలో 75 శాతం జీతాలకే పోతోందని. అంకె నిజమే. కాని ఆదాయం కరిగిపోతే జీతాల శాతం దానంతటదే పెరుగుతుంది. స్పెక్ట్రం ఇవ్వనిది ఉద్యోగి కాదు, టెండరు రద్దు చేసినదీ ఉద్యోగి కాదు. శాతం మాత్రం అతని నెత్తిన పడింది.

2019 ఫిబ్రవరి జీతం సమయానికి రాలేదు. కంపెనీ చరిత్రలో అది మొదటిసారి. అదే నెల 18 నుంచి మూడు రోజులు సమ్మె జరిగింది. అక్టోబరు 23న కేంద్రం దాదాపు 69 వేల కోట్ల పునరుద్ధరణ పథకం ప్రకటించింది, అందులో వి.ఆర్.ఎస్. ముఖ్యం. నవంబరు 4 నుంచి డిసెంబరు 3 దాకా గడువు. యాభై ఏళ్లు నిండినవాళ్లు అర్హులు. 2020 జనవరి 31న, ఒక్క సాయంత్రం, 78,569 మంది, అంటే లక్షన్నర దాటిన సిబ్బందిలో సగం మంది, ఇళ్లకు వెళ్లారు. ఎం.టి.ఎన్.ఎల్.తో కలిపితే 92 వేలు దాటింది.

ఎక్స్‌గ్రేషియా లెక్కకు కార్యాలయాల్లో పేరు గుజరాత్ మోడల్. చేసిన ప్రతి ఏడాదికీ 35 రోజుల జీతం, మిగిలిన ప్రతి ఏడాదికీ 25 రోజుల జీతం. ముప్పై ఏళ్లు చేసి ఇంకా అయిదేళ్లున్న టెలికాం మెకానిక్‌ను తీసుకోండి. 35 చొప్పున ముప్పై ఏళ్లకు 1,050 రోజులు, 25 చొప్పున అయిదేళ్లకు 125 రోజులు. మొత్తం 1,175 రోజులు, అంటే ముప్పై తొమ్మిది నెలల జీతం. పనిలో ఉంటే అరవై నెలల జీతం వచ్చేది. తేడాను పెన్షన్ పూడుస్తుంది. రిటైర్మెంటుకు రెండేళ్లే మిగిలినవాడికి ఇంత రాదు, పరిమితి అడ్డొస్తుంది. లెక్క ప్రకారం ఇది అన్యాయమైన బేరం కాదు, చాలామందికి మంచి బేరమే. ఇది ఒప్పుకోకపోతే ఈ వ్యాసానికి విలువ ఉండదు. నెలనెలా జీతం వస్తుందో రాదో తెలియని ఏడాదిలో, రిటైర్మెంటు వయసు 58కి తగ్గిస్తారన్న మాట గాలిలో తిరుగుతుండగా, ముప్పై రోజుల గడువులో సంతకం చెయ్యమంటే దాన్ని స్వచ్ఛందం అనడానికి మాత్రం నాకు నోరు రాదు.

మిగిలినవాళ్ల సంగతి ఇంకో రకం. వాళ్ల చివరి వేతన సవరణ 2007 జనవరి 1 నుంచి అమలైనది. తర్వాతిది 2017 జనవరి 1 నుంచి రావాలి. మూడో వేతన సవరణ సంఘం సిఫార్సుల్లో కంపెనీ లాభాల్లో ఉంటేనే అన్న షరతు ఉంది కాబట్టి ఆగిపోయింది. కరువు భత్యం పెరుగుతుంది, మూలవేతనం చట్రం కదలదు. జీతం కోశామని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. కాని దశాబ్దం పాటు సవరణ ఆగితే అది కోతే. రిటైరైనవాళ్ల పెన్షన్ సవరణ కూడా దీనికే ముడిపడి నిలిచిపోయింది. 2024 అక్టోబరు–డిసెంబరు త్రైమాసికంలో కంపెనీ 262 కోట్ల లాభం చూపించింది. 2007 తర్వాత త్రైమాసిక లాభం ఇదే మొదటిది. ఇంచుమించు అదే సమయంలో రెండో వి.ఆర్.ఎస్. ప్రతిపాదన, మరో 18–19 వేల మందిని తగ్గించే ఆలోచన ఉన్నట్టు పత్రికల్లో వచ్చింది.

ఇప్పటిదాకా చెప్పినవాళ్లందరికీ ఉద్యోగి నంబరుంది. అది లేనివాళ్ల దగ్గరికి వస్తే నాకు కోపం ఆగదు. కేబుల్ పనులు, ఎక్స్ఛేంజి కాపలా, ఊడ్పు, జనరేటరు, బిల్లుల కౌంటరు, ఇవన్నీ అప్పటికే కాంట్రాక్టు మనుషులే చేస్తున్నారు. 2019లో వాళ్లకు నెలల తరబడి డబ్బు ఇవ్వలేదు. నవంబరు 7న కేరళలోని నీలంబూర్ బి.ఎస్.ఎన్.ఎల్. కార్యాలయంలో, ఏళ్లుగా అక్కడే పనిచేసిన కాంట్రాక్టు కార్మికుడొకరు ఉరి వేసుకున్నాడు. అతనికి పది నెలల జీతం బాకీ. వి.ఆర్.ఎస్. గడువు తెరిచి మూడు రోజులైంది. ఆ పథకంలో అతనికి దరఖాస్తు ఫారమే లేదు. తెలుగు రాష్ట్రాల్లోనూ కాంట్రాక్టు కార్మికులు బకాయిల కోసం ఆఫీసుల ముందు కూర్చున్నారు. కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే అసలు యజమాని ఇచ్చి తీరాలని అప్పుడు అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం 21వ సెక్షన్‌లో స్పష్టంగా ఉండేది. ఉల్లంఘించినది సాక్షాత్తు ప్రభుత్వ సంస్థ.

సగం మంది వెళ్లిపోయాక లైన్లు ఎవరు చూశారు? రాగి తీగల, ఫైబర్ల నిర్వహణ ప్రాంతాల వారీగా ఔట్‌సోర్సింగ్ అయింది. ఇళ్లకు ఫైబర్ ఇచ్చే పని ఆదాయంలో వాటా పద్ధతి మీద స్థానిక భాగస్వాములకు వెళ్లింది. మన ఊళ్లలో చాలాచోట్ల ఆ భాగస్వామి కేబుల్ టీవీ ఆపరేటరే. అతని దగ్గర తిరిగే కుర్రాడే నేటి లైన్‌మన్. కంపెనీ నష్టం 2019-20లో 15,500 కోట్లుంటే మరుసటి ఏడాది 7,441 కోట్లకు దిగింది. జీతాల ఖర్చు తగ్గడం అందుకు పెద్ద కారణం. అయినా నష్టాలు పోలేదు. 2022-23లో 8,161 కోట్లకు మళ్లీ పెరిగాయి.

బయటి దేశాల అనుభవం చూస్తే మనకు జరిగింది వింతేమీ కాదని తెలుస్తుంది. బ్రిటిష్ టెలికాంలో సగానికి పైగా వాటా 1984 నవంబరులో అమ్మినప్పుడు సిబ్బంది రెండు లక్షల పైచిలుకు. అక్కడా గెంటలేదు, డబ్బిచ్చి పంపారు. 1992 జులై 31న ఒకే రోజు వేల మంది వెళ్లారు. 2023లో ఆ కంపెనీ, 2030 నాటికి కాంట్రాక్టు మనుషులతో కలిపి 55 వేల దాకా తగ్గిస్తామని ప్రకటించింది. పాకిస్తాన్‌లో పి.టి.సి.ఎల్. అమ్మకాన్ని ఆపాలని 2005లో కార్మికులు సమ్మె చేస్తే ఎక్స్ఛేంజీల దగ్గర సైన్యాన్ని దించారు. యు.ఎ.ఇ. కంపెనీ ఎతిసలాత్ 26 శాతం వాటాకు 260 కోట్ల డాలర్ల ధర ఒప్పుకుని 2006లో పగ్గాలు పట్టింది. ఏడాది రెండేళ్లలో దాదాపు 30 వేల మంది స్వచ్ఛంద పథకం కింద బయటికి పోయారు. ఆస్తుల బదిలీ పూర్తి కాలేదని కొన్నవాళ్లు 80 కోట్ల డాలర్లు ఆపేశారు. ప్రభుత్వానికి డబ్బు పూర్తిగా రాలేదు, కార్మికులకు కొలువు మిగల్లేదు.

ఫ్రాన్స్ కథ అన్నిటికంటే భయంకరం. 2004లో ఫ్రాన్స్ టెలికాంలో ప్రభుత్వ వాటా సగం కంటే కిందికి దిగింది. కాని సిబ్బందిలో ఎక్కువమందికి ప్రభుత్వోద్యోగ రక్షణ ఉంది, తీసెయ్యడానికి వీల్లేదు. 22 వేల మందిని తగ్గించాలని యాజమాన్యం లెక్క వేసుకుంది. తీసెయ్యలేనివాళ్లను తామే వెళ్లిపోయేలా చెయ్యడానికి దూరపు బదిలీలు, తెలియని పనులు, అసలు పనే ఇవ్వకపోవడం మొదలయ్యాయి. వరసగా ఆత్మహత్యలు జరిగాయి. 2019 డిసెంబరులో పారిస్ కోర్టు కంపెనీనీ, మాజీ అధిపతి దిదియే లోంబార్‌నూ సంస్థాగత వేధింపు కింద దోషులుగా తేల్చింది. 2025 జనవరిలో అక్కడి అత్యున్నత న్యాయస్థానం దాన్ని నిలబెట్టింది. మనుషుల్ని తగ్గించే పద్ధతి కూడా నేరం కాగలదని ఒక న్యాయవ్యవస్థ ఒప్పుకోవడానికి పదిహేనేళ్లకు పైగా పట్టింది.

మెక్సికో నుంచి రెండు సంగతులు చెప్పాలి. 1990లో టెల్‌మెక్స్‌ను అమ్మేముందే అక్కడి టెలిఫోన్ కార్మిక సంఘం బేరానికి కూర్చుంది. తొలగింపులుండవన్న హామీ, కార్మికులకు 4.4 శాతం షేర్లు రాబట్టింది. అమ్మకం తర్వాత ఏడవడం కంటే అమ్మకానికి ముందు కూర్చోవడం ఎంత మేలో దానికి ఇది రుజువు. రెండోది, ఆ దేశంలో ప్రైవేటుపరమైన 218 కంపెనీల మీద లా పోర్టా, లోపెజ్ ద సిలానెస్ అనే ఆర్థికవేత్తలు 1999లో ప్రచురించిన అధ్యయనం. వాళ్లు ప్రైవేటీకరణకు వ్యతిరేకులు కారు. లాభదాయకతలో వచ్చిన పెరుగుదలను వాళ్లు విడగొట్టి చూస్తే 57 శాతం ఉత్పాదకత వల్ల, 10 శాతం ధరలు పెంచడం వల్ల, 33 శాతం తీసేసిన కార్మికుల దగ్గర నుంచి బదిలీ అయినది. మూడింట ఒక వంతు. సామర్థ్యం పెరిగిందని చెప్పేటప్పుడు ఈ మూడో వంతును కూడా అదే గొంతుతో చెప్పాలి.

వినియోగదారుడి లాభాన్ని కాదనలేం. 1995లో మొబైల్ మీద మాట్లాడితే నిమిషానికి పదహారు రూపాయల దాకా, వచ్చిన కాల్‌కు కూడా డబ్బు. ఇవాళ సూరత్ మగ్గాల మధ్య నుంచి సిరిసిల్లలో ఉన్న తల్లితో కొడుకు వీడియోలో మాట్లాడుతున్నాడంటే ఆ పోటీ వల్లే. కాని అదే పోటీలో ప్రైవేటు ఉద్యోగులూ మునిగారు. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2017 చివర్లో మొబైల్ వ్యాపారం మూసేసింది. 2018లో ఎయిర్‌సెల్ దివాలా కోర్టుకెక్కింది. దేశంలో మొదట ఆంధ్రప్రదేశ్‌లోనే సి.డి.ఎం.ఎ. మొబైల్ మొదలుపెట్టిన టాటా టెలీసర్వీసెస్ ఆ వ్యాపారాన్ని ఎయిర్‌టెల్‌కు అప్పగించింది. వొడాఫోన్, ఐడియా 2018 ఆగస్టులో కలిసిపోయాయి, రెండేసి ఉన్న ప్రతి కుర్చీలో ఒకటి పోయింది. వీళ్లకు గుజరాత్ మోడల్ లేదు, 37ఎ లేదు. పోటీదార్లు తగ్గాక, 2024 జులైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకేసారి ధరలు పెంచాయి. చౌక ధర తాత్కాలికమైంది, పోయిన కొలువు మాత్రం తిరిగి రాలేదు.

హజీరా ఉక్కు కర్మాగారం నడిపిన ఎస్సార్‌కు ఒకప్పుడు వొడాఫోన్ భారతీయ కంపెనీలో 33 శాతం వాటా ఉండేది. 2011లో దాన్ని సుమారు 500 కోట్ల డాలర్లకు వొడాఫోన్‌కే ఇచ్చి బయటపడింది. ఆ కంపెనీ వారసురాలైన వొడాఫోన్ ఐడియా ప్రభుత్వానికి కట్టవలసిన బాకీలు కట్టలేకపోతే, ప్రభుత్వం వాటిని షేర్లుగా మార్చుకుంది. 2025 ఏప్రిల్ నాటికి ఆ వాటా దాదాపు 49 శాతం. ఉపాధి, పోటీ నిలబడాలంటే ఆ కంపెనీ బతకాలి కాబట్టి నేను దాన్ని తప్పుపట్టను. వేల కోట్ల బాకీకి ఇంత ఓర్పు పట్టగలిగిన ప్రభుత్వం, ఎక్స్ఛేంజి ఊడ్చిన మనిషి పది నెలల బాకీ తీర్చడానికి ఎందుకు చెయ్యి చాపలేకపోయిందన్నది నా ప్రశ్న.

ఇది ఒక పార్టీదో ఒక కంపెనీదో తప్పని చెప్పి చేతులు దులుపుకోవడం కుదరదు. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర ప్రభుత్వానిదే అయిన ఫైబర్‌నెట్ సంస్థలో 2024 డిసెంబరులో 410 మందిని తొలగిస్తున్నట్టు ఛైర్మన్ ప్రకటించారు. గత ప్రభుత్వంలో అవసరం లేకుండా పెట్టుకున్నారన్నది ఆయన చెప్పిన కారణం. నియామకం సరైన పద్ధతిలో జరగకపోతే తొలగింపు కూడా ఒక్క మాటతో అయిపోతుంది. యజమాని ప్రభుత్వమా ప్రైవేటా అన్నదానికంటే, పని చేసేవాడి పేరు ఎక్కడ రాసి ఉందన్నదే చివరికి తేలుస్తుంది.

అందుకే రెండో వి.ఆర్.ఎస్. అయినా, రేపు బి.ఎస్.ఎన్.ఎల్. టవర్ల అమ్మకమైనా, పార్లమెంటు ముందుకు ఒక పట్టిక రావాలని నేను కోరుతున్నాను. తగ్గించే ఉద్యోగాలు ఎన్ని, ఆ పనులు ఎవరికి వెళ్తున్నాయి, వాళ్లకు ఇచ్చే కనీస మొత్తం ఎంత, పాత కాంట్రాక్టు బకాయిలు ఎంత మిగిలాయి. ఈ నాలుగు అంకెలు లేకుండా ఆదా ఎంతో చెప్పే కాగితాన్ని సభ్యులు ఒప్పుకోకూడదు. వేతన సవరణకు లాభాల షరతు పెట్టినప్పుడు, ఆ లాభాలను అడ్డుకున్న నిర్ణయాలు ఎవరివో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మూసివేతకు, తొలగింపుకు ముందు అనుమతి తీసుకోవలసిన సంస్థల హద్దు వంద మంది నుంచి మూడు వందలకు పెరిగింది. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు ఇరవై మంది బదులు యాభై మంది ఉన్నచోటే వర్తిస్తాయి. చిన్న కాంట్రాక్టర్ల జట్లు ఈ హద్దుల కిందే ఉంటాయి కాబట్టి వాటితో ఈ కుర్రాళ్లకు ఒరిగేది లేదు. ఒక్కటి మాత్రం పనికొస్తుంది: ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలన్న నిబంధన. సూరత్‌లో గాని, వరంగల్‌లో గాని, విజయవాడలో గాని కేబుల్ పనిలో చేరే పిల్లలకు నేను చెప్పేది ఇదే. మెషీన్ చేతికి తీసుకునే ముందు ఆ పత్రం అడగండి, పి.ఎఫ్. యు.ఎ.ఎన్. నంబరు, ఇ.ఎస్.ఐ. నంబరు అడగండి, ఏ కంపెనీ లైను మీద పనిచేస్తున్నారో దాని పేరు ఆ పత్రంలో రాయించుకోండి. జీతం ఆగిన రోజున ఎవరి గుమ్మం ముందు కూర్చోవాలో ఆ కాగితమే చెబుతుంది.